ఎవరి ఖాతాలో రాయాలో తెలియని రికార్డులు

2023 ఫిబ్రవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొబ్బరికాయలు కొట్టారు. కొట్టింది గుళ్లో కాదు, నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో. ఎదురుగా ఉన్నవి నాసా, ఇస్రో కలిసి చేసిన నిసార్ ఉపగ్రహం ఇంజనీరింగ్ నమూనాలు. అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్, ఆ లేబొరేటరీ డైరెక్టర్ లారీ లెషిన్, ఇంకొందరు పెద్దలు అక్కడ ఉన్నారు. అదే సభలో లెషిన్ మనవాళ్ల చేతికి ఒక జాడీ అందించారు. జాడీలో ఉన్నవి పల్లీలు.

ఆ పల్లీలకు ఒక కథ ఉంది. 1960ల్లో ఆ లేబొరేటరీ చంద్రుడి కోసం తయారుచేసిన రేంజర్ నౌకలు వరసగా ఆరు విఫలమయ్యాయి. 1964 జూలైలో ఏడోది బయల్దేరినప్పుడు గదిలో అందరి గుండెలూ దడదడలాడుతుంటే ఒకాయన పల్లీలు పంచిపెట్టాడు. రేంజర్-7 గురి తప్పకుండా చంద్రుణ్ణి చేరి, వేల ఫొటోలు పంపింది. ఆనాటి నుంచి అక్కడ పెద్ద ఘట్టం ఏదైనా పల్లీలు పంచాల్సిందే. మన ఇళ్లలో బోరు వేసినా, కొత్త ట్రాక్టరు కొన్నా కొబ్బరికాయ కొట్టినట్టే అనుకోండి.

రికార్డుల పుస్తకాల్లో ఎప్పుడూ ‘దేశం’ అని ఒక గడి ఉంటుంది. మొదట ఎవరు, ఎక్కువ దూరం ఎవరు, ఎక్కువ కాలం ఎవరు అని అడిగితే ఆ గడిలో ఒక పేరు రాయాలి. మనిషి ఎక్కని శాస్త్రీయ నౌకల విషయంలో ఆ గడి చాలదు. ఒకరి నౌక, ఇంకొకరి పరికరం, మూడోవారి రాకెట్, నాలుగోవారి యాంటెన్నా. అలాంటి విశేషాలే ఈసారి ఏరి తెచ్చాను. ఏరుతున్నకొద్దీ ఒక సంగతి నాకు బలంగా తోచింది. నౌక ప్రాణం మీదికి వచ్చినప్పుడు, దాన్ని ఆదుకున్నది చాలాసార్లు ఎక్కడో వేరే దేశంలో చెవి ఒగ్గి వింటున్న ఒక యాంటెన్నా.

గోదావరిని చూసిన బంగారు గొడుగు

ముందు మన గడపలోంచి వెళ్లిన దానితోనే మొదలుపెడదాం. నిసార్ 2025 జూలై 30 సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్ మీద లేచింది. బరువు 2,392 కిలోలు. రెండు వేర్వేరు తరంగదైర్ఘ్యాల రాడార్లను ఒకే ఉపగ్రహంలో కూర్చి భూమిని చూడటం ప్రపంచంలో ఇదే మొదలు. ఎల్-బ్యాండ్ రాడార్ నాసాది, దాని తరంగం సుమారు 24 సెంటీమీటర్లు. అది చెట్ల ఆకులను దాటి లోపలికి చొరబడుతుంది. ఎస్-బ్యాండ్ రాడార్ ఇస్రోది. దాని తరంగం అందులో సగం కూడా ఉండదు, పైరునూ పలచని పచ్చదనాన్నీ బాగా పసిగడుతుంది. మబ్బు పట్టినా, అర్ధరాత్రి అయినా రెండింటికీ అడ్డు లేదు. పన్నెండు రోజులకోసారి అదే చోటికి తిరిగొస్తూ, నేల ఒక సెంటీమీటరు జరిగినా, కుంగినా పట్టేయడం వీటి పని.

ఈ ఉపగ్రహం భూమి దాటకముందే చాలా దూరం తిరిగింది. 2014 సెప్టెంబరులో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఇస్రో ఎస్-బ్యాండ్ రాడార్‌ను తయారుచేసి 2021లో కాలిఫోర్నియా పంపింది. అక్కడ దాన్ని నాసా రాడార్‌తో జతచేశారు. ఆ జంట 2023 మార్చిలో అమెరికా వాయుసేన సీ-17 విమానంలో బెంగళూరు చేరింది. అంతా అయిపోయిందనుకుంటే, యాంటెన్నా ఎండవేడికి తట్టుకోదేమోనన్న సందేహం వచ్చింది. దాన్ని మళ్లీ కాలిఫోర్నియా పంపి, కట్టుదిట్టం చేయించి, 2024 అక్టోబరులో తిరిగి తెచ్చుకున్నారు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య తిరిగే కొత్త కోడలిలా తిరిగింది పాపం.

ఆ యాంటెన్నా సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. విప్పితే 12 మీటర్ల వెడల్పు, బరువు మాత్రం 64 కిలోలే. బంగారు పూత పూసిన సన్నని తీగలతో అల్లిన వల అది. రాకెట్లో మడిచిన గొడుగులా ముడుచుకుని వెళ్లింది. పైకి చేరాక 9 మీటర్ల చెయ్యి ఒక్కో కీలూ విప్పుకుంటూ రోజుల తరబడి మెల్లగా చాచుకుంది. చివర ఉన్న గొడుగు విచ్చుకున్నది ఆగస్టు 15న. కావాలని ఎంచుకున్న ముహూర్తం కాదు గానీ, అలా కుదిరింది.

మరో నాలుగు రోజులకు, ఆగస్టు 19న, ఎస్-బ్యాండ్ రాడార్ తన తొలి చిత్రం తీసింది. అందులో ఉన్నది మన గోదావరి డెల్టా! మడ అడవులు, పొలాలు, పోకతోటలు, చేపల చెరువులు వేటికవి విడివిడిగా కనిపించాయి. కాలువగట్టు మీద పుట్టి పెరిగినవాళ్లకు ఆ చిత్రం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. నిసార్ కబుర్లు అందుకునే కేంద్రాల్లో ఒకటి హైదరాబాదు పక్కన షాద్‌నగర్‌లోనే ఉంది.

తుంబ ఆకాశం నుంచి శుక్రుడి మబ్బుల దాకా

మన దేశపు మొదటి రాకెట్ పూర్తిగా మనది కాదని చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు. 1963 నవంబరు 21 సాయంత్రం కేరళలోని తుంబ నుంచి లేచిన నైకీ-అపాచీ రాకెట్ అమెరికాది. దాని ముక్కులో ఉన్న సోడియం ఆవిరి పరికరం ఫ్రాన్స్‌ది. రాకెట్ పడే సముద్రం మీద పడవలు లేకుండా చూసిన హెలికాప్టర్ సోవియట్ యూనియన్‌ది. క్యూబా క్షిపణుల గొడవతో అమెరికా, సోవియట్‌లు అణుయుద్ధం అంచుదాకా వెళ్లి అప్పటికి ఏడాది దాటిందంతే. అలాంటి రోజుల్లో ఆ రెండు దేశాల సామాను ఒక చేపల రేవులో పక్కపక్కన ఉంది. ఆఫీసు చర్చిలో. రాకెట్‌ను లాంచర్ మీదికి ఎత్తుతుంటే క్రేన్ నూనె కారి మొరాయించిందనీ, చివరికి అందరూ కలిసి చేతులతోనే ఎత్తి పెట్టారనీ, ఆ బృందంలో ఉన్న అబ్దుల్ కలాం తర్వాత రాసుకున్నారు. చీకటి పడుతున్న ఆకాశంలో నారింజరంగు సోడియం మేఘం విచ్చుకుంది. అది ఎటు కొట్టుకుపోతోందో చూసి పై వాతావరణంలో గాలులను లెక్కగట్టారు.

ఆ సోడియం పరికరాన్ని ఇచ్చిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు జాక్ బ్లమోఁ. ఆయన్ను ఇక్కడ వదిలేయకూడదు. ఎందుకంటే ఇరవై రెండేళ్ల తర్వాత ఇంకో లోకంలో గాలిని కొలిచినప్పుడు కూడా ఆయన ఆలోచనే ఉంది.

1985 జూన్ 11న, మళ్లీ జూన్ 15న, వేగా-1, వేగా-2 అనే సోవియట్ నౌకలు శుక్రగ్రహం మబ్బుల్లో రెండు హీలియం బెలూన్లను వదిలాయి. బెలూన్లు పంపాలన్న ఆలోచన బ్లమోఁది. కట్టింది సోవియట్ ఇంజనీర్లు. ఒక్కోటి మూడున్నర మీటర్ల వెడల్పు. నేల మీద సీసం కరిగే వేడి ఉన్న ఆ గ్రహంలో, 54 కిలోమీటర్ల ఎత్తున మాత్రం వేడి మనం తట్టుకోగలిగినంతే. అక్కడ అవి దాదాపు రెండు రోజులు తేలాయి. గంటకు 240 కిలోమీటర్ల గాలికి కొట్టుకుపోతూ, ఒక్కోటి 11,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేశాయి. వాటి సన్నని పిలుపును వినడానికి భూగోళం చుట్టూ ఇరవై రేడియో టెలిస్కోపులు పనిచేశాయి. సోవియట్ యాంటెన్నాలు కొన్ని, నాసావి కొన్ని, మరికొన్ని ఇతర దేశాలవి. భూమి తిరిగేకొద్దీ ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికి. వేరే గ్రహం మీద ఎగిరిన బెలూన్లు ఇప్పటికీ ఆ రెండే.

బ్లమోఁ గారికి మన ప్రభుత్వం 2015లో పద్మశ్రీ ఇచ్చింది. తుంబ మేఘానికీ శుక్రుడి బెలూన్‌కూ మధ్య ఉన్న ఆ ఒక్క మనిషి గురించి మన బడి పుస్తకాల్లో నాలుగు వాక్యాలైనా ఉండాలని నా కోరిక.

తోకచుక్కకు దారి చూపిన శత్రువులు

బెలూన్లు వదిలాక వేగాలు ఆగలేదు. వాటి పేరులోనే రెండు మజిలీలున్నాయి. రష్యన్‌లో శుక్రుణ్ణి వెనెరా అంటారు, హేలీ తోకచుక్కను గల్లెయ్ అంటారు. రెండూ కలిపితే వేగా. 76 ఏళ్లకోసారి వచ్చే ఆ తోకచుక్క 1986లో వస్తోంది. దాన్ని పలకరించడానికి ఐదు నౌకలు కదిలాయి. సోవియట్‌వి రెండు వేగాలు, జపాన్‌వి సకిగాకే, సూయిసేయ్, ఐరోపా అంతరిక్ష సంస్థ ఈసాది జొట్టో. ఆ తోకచుక్కను తన బొమ్మలో క్రీస్తు పుట్టినప్పటి నక్షత్రంగా చిత్రించిన ఇటలీ చిత్రకారుడి పేరే దానికి పెట్టారు.

అందులో అన్నిటికంటే దగ్గరగా వెళ్లాల్సింది జొట్టో. చిక్కు ఏమిటంటే, తోకచుక్క గుండె, అంటే దాని అసలు ముద్ద, ఎక్కడుందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. చుట్టూ ఉన్న ధూళి, ఆవిరి మబ్బులో అది దాక్కుని ఉంటుంది. భూమి మీది టెలిస్కోపులకు కనపడేది ఆ మబ్బే. వందల కిలోమీటర్ల తేడా వచ్చే అవకాశం ఉంది.

దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయాన్ని ‘పాత్‌ఫైండర్’ అన్నారు. వేగాలు ముందు వెళ్తాయి. మార్చి 6న వేగా-1, మార్చి 9న వేగా-2 దాదాపు 8,000-9,000 కిలోమీటర్ల దూరం నుంచి తోకచుక్క గుండెను ఫొటో తీశాయి. కానీ ఫొటో ఒక్కటే చాలదు. తీసినప్పుడు వేగా తానెక్కడ ఉందో కూడా కచ్చితంగా తెలియాలి. ఆ పని అమెరికాది. హేలీకి ప్రత్యేకించి నౌక పంపని నాసా, తన డీప్ స్పేస్ నెట్‌వర్క్ పెద్ద యాంటెన్నాలను సోవియట్ నౌకల వైపు తిప్పి వాటి స్థానాన్ని కొలిచింది. సోవియట్ ఫొటోలు, అమెరికా కొలతలు కలిసి జర్మనీలోని ఈసా నియంత్రణ కేంద్రానికి చేరాయి. అనిశ్చితి 40 కిలోమీటర్లకు దిగింది. జొట్టో దారిని చివరి నిమిషంలో సరిదిద్దారు.

1986 మార్చి 14న జొట్టో సెకనుకు 68 కిలోమీటర్ల వేగంతో తోకచుక్క గుండెకు 596 కిలోమీటర్ల దగ్గరగా దూసుకుపోయింది. ఆ వేగంలో బియ్యపుగింజంత రేణువు కూడా తూటాతో సమానం. అతి దగ్గరి క్షణానికి కొద్ది సెకన్ల ముందు ఒక రేణువు తగిలి నౌక తూలింది. భూమితో మాట తెగిపోయి అరగంట తర్వాత గానీ కుదుటపడలేదు. కెమెరా కన్ను శాశ్వతంగా పోయింది. పోయేలోపు అది పంపిన చిత్రాల్లో మనుషులు మొదటిసారి తోకచుక్క గుండెను దగ్గర్నుంచి చూశారు. పదిహేను కిలోమీటర్ల పొడవు, బొగ్గుకంటే నలుపు, ఒంటి నుంచి చిమ్ముతున్న ఆవిరి ధారలు.

ఇందులో నన్ను కదిలించేది ఇంకో చిన్న విషయం. సోవియట్ వేగా నౌకల్లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ సింప్సన్ తయారుచేసిన ధూళి పరికరం కూడా వెళ్లింది. రెండు దేశాలూ ఒకరి మీదికొకరు క్షిపణులు ఎక్కుపెట్టి కూర్చున్న కాలమది.

తొలి ఉమ్మడి ఉపగ్రహానికి తొలి దెబ్బ

రెండు దేశాలు కలిసి పంపిన మొట్టమొదటి ఉపగ్రహం ఏరియల్-1. పరికరాలు బ్రిటన్‌వి, ఉపగ్రహం, రాకెట్ అమెరికావి. 1962 ఏప్రిల్ 26న పైకి వెళ్లింది. జూలై 9న అమెరికా పసిఫిక్ సముద్రం మీద 400 కిలోమీటర్ల ఎత్తున ‘స్టార్‌ఫిష్ ప్రైమ్’ అనే పరీక్షలో హైడ్రోజన్ బాంబును పేల్చి చూసింది. ఆ పేలుడు రేపిన కణాలు కక్ష్యలో తిరుగుతున్న ఏరియల్-1 సౌరఫలకాలను పాడుచేశాయి. కట్టిన చేతులే దాన్ని దెబ్బతీశాయి.

అమెరికా ఉపగ్రహాల్లో వేరే దేశం మనుషులు వేరే దేశం ఒడ్డు నుంచి పంపిన మొదటిది ఉహురు. 1970 డిసెంబరు 12న కెన్యా తీరాన సముద్రంలో నిలిపిన శాన్ మార్కో వేదిక మీంచి ఇటలీ బృందం దాన్ని ఎగరేసింది. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం. స్వాహిలీ భాషలో ఉహురు అంటే స్వేచ్ఛ. ఎక్స్‌రే కంటితో ఆకాశం మొత్తాన్ని గాలించిన తొలి ఉపగ్రహం అదే. పట్టికలో రాసుకున్న ఎక్స్‌రే జ్యోతులు 339.

ఆ 339 పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 2024 జనవరిలో ఈరోసిటా అనే ఎక్స్‌రే దూరదర్శిని మొదటి ఆరు నెలల ఫలితాలు వచ్చాయి. అందులో దాదాపు 9 లక్షల జ్యోతులున్నాయి. దూరదర్శిని జర్మనీది, దాన్ని మోసిన స్పెక్టర్-ఆర్‌జీ నౌక రష్యాది. 2019 జూలై 13న బైకనూర్ నుంచి వెళ్లింది. ఫలితాలు ఎవరికి అన్న ప్రశ్నకు వాళ్లు చేసుకున్న ఏర్పాటు విచిత్రం. పాలపుంత కేంద్రం గుండా ఒక గీత గీసి, ఆకాశాన్ని నిట్టనిలువునా చెరి సగం పంచుకున్నారు. ఒక సగం జర్మన్లది, ఇంకో సగం రష్యన్లది. అన్నదమ్ములు గట్టు వేసి చేను పంచుకున్నట్టు! మొత్తం ఆకాశాన్ని ఎనిమిదిసార్లు చూడాలనుకున్నారు. నాలుగు పూర్తయ్యాక 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. ఆ నెల 26న జర్మనీ తన దూరదర్శినిని నిద్రపుచ్చింది. చెడిపోయి ఆగితే సరే అనుకుంటాం. ఏ లోపమూ లేని కన్నును మూయాల్సి రావడం మాత్రం మనసును కలచివేస్తుంది.

అతి దూరపు దిగుడు

మనిషి చేసిన వస్తువు ఏదైనా దిగిన అతి దూరపు నేల శనిగ్రహపు చందమామ టైటన్. దిగింది ఈసా వారి హొయ్‌గెన్స్, 2005 జనవరి 14న. భూమికి 120 కోట్ల కిలోమీటర్ల అవతల. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. దాన్ని మోసుకెళ్లిన క్యాసినీ నాసాది, క్యాసినీ నెత్తిన ఉన్న 4 మీటర్ల యాంటెన్నా ఇటలీది. 1994లో అమెరికా ఖర్చు తగ్గించుకునే ఆలోచనలో క్యాసినీని ఆపేస్తారన్న మాట వినిపిస్తే, ఈసా అధిపతి జాన్-మరీ లుటోఁ నేరుగా అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్‌కు ఉత్తరం రాశారు. మేం మా వాటా పని చేస్తుంటే మీరు మధ్యలో తప్పుకుంటే ఎలా అన్నది దాని సారాంశం. ప్రాజెక్టు నిలిచింది. ఉమ్మడి పనికి ఉన్న బలం ఇది. ఒక్కరు విసిగిపోయినా, రెండోవారు చెయ్యి వదలరు.

అసలు ఉత్కంఠ తర్వాత మొదలైంది. 1997 అక్టోబరులో నౌక బయల్దేరి వెళ్లిపోయింది. మూడో ఏడు ఈసాలో పనిచేసే స్వీడన్ ఇంజనీరు బోరిస్ స్మెడ్స్‌కు ఒక అనుమానం. హొయ్‌గెన్స్ కిందికి దిగుతూ మాట్లాడుతుంటే, క్యాసినీ పైనుంచి వేగంగా దూసుకొస్తూ వింటుంది. రైలు కూత దగ్గరికొస్తున్నకొద్దీ సన్నబడినట్టు, ఆ వేగానికి సంకేతం స్థాయి మారుతుంది కదా. ఆ మార్పును క్యాసినీలోని రిసీవర్ తట్టుకుంటుందా? బయల్దేరకముందు ఎవరూ దాన్ని పూర్తిగా పరీక్షించలేదు. ఇప్పుడేం పరీక్ష అని మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. స్మెడ్స్ వదల్లేదు. 2000 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా ఎడారిలోని నాసా గోల్డ్‌స్టోన్ యాంటెన్నా దగ్గరికి వెళ్లి, హొయ్‌గెన్స్ గొంతును అనుకరించే సంకేతాన్ని, వేగానికి తగ్గట్టు కావాలనే కొంచెం మార్చి, క్యాసినీ వైపు పంపాడు. క్యాసినీ విన్నది విన్నట్టు తిరిగి పంపింది. అంతా చిందరవందర. అలాగే వెళ్లి ఉంటే, హొయ్‌గెన్స్ టైటన్ మీద దిగేది, మాట్లాడేది, మనకు మాత్రం గజిబిజి తప్ప ఏమీ అందేది కాదు.

రిసీవర్‌లోని లోపాన్ని అంత దూరం నుంచి మార్చడానికి వీల్లేదు. అందుకని నౌక దారినే మార్చారు. టైటన్‌కు 1,200 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లాల్సిన క్యాసినీని 60,000 కిలోమీటర్ల దూరానికి జరిపి, వేగపు తేడా తగ్గేలా చూశారు. హొయ్‌గెన్స్ విడిపోయే రోజు కూడా వెనక్కి జరిగి 2004 డిసెంబరు 25 అయింది.

దిగే రోజు ఇంకో పొరపాటు బయటపడింది. సంకేతాలు పంపడానికి రెండు మార్గాలున్నాయి. అందులో ఒక రిసీవర్‌ను ఆన్ చేయమన్న ఆదేశం క్యాసినీకి ఇచ్చిన జాబితాలో లేకుండా పోయింది. దాంతో 700 ఫొటోల్లో సగం పోయాయి, టైటన్ గాలుల్ని కొలిచే ప్రయోగం కూడా మొత్తం పోయిందనుకున్నారు. అప్పుడు ఆదుకున్నవి భూమి మీది చెవులు. అమెరికా వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్, ఆస్ట్రేలియాలోని పార్క్స్, మరికొన్ని టెలిస్కోపులు ఎందుకైనా మంచిదని ముందే టైటన్ వైపు తిరిగి ఉన్నాయి. హొయ్‌గెన్స్ ప్రసారం బలం పది వాట్లు. మన వరండాలో వెలిగే చిన్న బల్బంత. 67 నిమిషాలు ప్రయాణించి వచ్చిన ఆ గుసగుసను గ్రీన్ బ్యాంక్ ముందు పట్టింది. గాలుల లెక్క మొత్తం భూమి మీదే తేలింది. హొయ్‌గెన్స్ మంచు గులకరాళ్ల మధ్య కూర్చుని, క్యాసినీ దిగంతం దాటిపోయేదాకా 72 నిమిషాలు మాట్లాడింది.

తప్పిపోయినవి, దొరికినవి

సూర్యుణ్ణి చూడటానికి ఈసా, నాసా కలిసి పంపిన సోహో 1995 డిసెంబరు 2న వెళ్లింది. రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. ప్రపంచంలో ఏ ఉపగ్రహానికీ, ఏ మనిషికీ సాధ్యం కానన్ని తోకచుక్కలను అది కనిపెట్టింది. 2024 మార్చికి లెక్క 5,000 దాటింది. వాటిలో చాలా భాగాన్ని సోహో చిత్రాల్లో వెతికి పట్టినవాళ్లు ఎక్కడెక్కడి దేశాల్లోనో ఇంట్లో కూర్చుని చూసే ఔత్సాహికులు.

ఆ సోహో 1998 జూన్ 25న మాయమైంది. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో అదుపు తప్పి తిరుగుతూ మౌనమైపోయింది. నెల రోజుల తర్వాత ప్యూర్టో రికోలోని అరెసీబో టెలిస్కోపు రాడార్ కిరణం పంపితే, గోల్డ్‌స్టోన్ యాంటెన్నా దాని ప్రతిధ్వని పట్టింది. ఉన్నది, నెమ్మదిగా తిరుగుతున్నది. ఇంధనం గడ్డకట్టి ఉంటే కొద్దికొద్దిగా కరిగించి, సెప్టెంబరుకు మళ్లీ సూర్యుడి వైపు తిప్పారు. ఆ ఏడాది చివరికి దిశ చెప్పే గైరోలు మూడూ పోయాయి. గైరోలు లేకుండానే నడవడం నేర్పారు దానికి.

ఇలాంటిదే మన చంద్రయాన్-1 కథ. 2009 ఆగస్టు 29న దానితో మాట తెగిపోయింది. 2016 జూలైలో గోల్డ్‌స్టోన్ నుంచి చంద్రుడి ఉత్తర ధ్రువం మీది ఖాళీలోకి కిరణం పంపితే, గ్రీన్ బ్యాంక్ దాని ప్రతిధ్వని విన్నది. నాలుగు గంటల్లో ఒక చిన్న వస్తువు రెండుసార్లు ఆ దారిని దాటింది. ఒక్కో పక్క మీటరున్నర ఉన్న పెట్టె. మన చంద్రయానే. 3.8 లక్షల కిలోమీటర్ల అవతల చందమామ చుట్టూ మూగగా తిరుగుతోంది. టైటన్ గుసగుసను విన్న చెవే దీన్నీ వినడం నాకు చుట్టరికంలా తోస్తుంది.

చంద్రయాన్-1 బతికుండగా చేసింది తక్కువేం కాదు. అది మోసిన పదకొండు పరికరాల్లో ఆరు బయటి దేశాలవి. ఈసావి మూడు, నాసావి రెండు, బల్గేరియాది ఒకటి. వాటిని ఊరికే మోసుకెళ్లింది ఇస్రో. అందులో నాసా వారి ఎం3 చంద్రుడి నేల మీద నీటి అణువుల జాడ కనిపెట్టింది. దాన్ని చూసే కార్ల్ పీటర్స్ బృందానికి మొదట నమ్మకం చిక్కలేదు. పరికరంలో లోపమేమో అన్న సందేహం. అప్పుడు సాక్ష్యం చెప్పింది క్యాసినీ! శనికి వెళ్తూ 1999 ఆగస్టులో భూమి పక్కగా పోయినప్పుడు అది చంద్రుణ్ణి కూడా చూసింది. ఆ పాత లెక్కల్లో అదే జాడ. డీప్ ఇంపాక్ట్ అనే మరో నౌక కూడా సరేనంది. 2009 సెప్టెంబరులో మూడింటి ఫలితాలూ కలిపి లోకానికి చెప్పారు.

దొరికినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది లునోఖోద్-1. 1970 నవంబరులో చంద్రుడి మీద దిగిన సోవియట్ బండి అది. మరో లోకపు నేల మీద నడిచిన మొదటి బండి. నెత్తిన ఫ్రాన్స్ చేసిన లేజర్ అద్దం. మరుసటేడు బండి ఆగిపోయింది, ఎక్కడ ఆగిందో కచ్చితమైన చోటు పోయింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ ఫొటోల్లో ఒక చుక్కగా కనిపించింది. 2010 ఏప్రిల్ 22న న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్ నుంచి టామ్ మర్ఫీ బృందం అక్కడికి లేజర్ కొట్టింది. మహా అయితే కాస్త వెలుగు తిరిగొస్తుందనుకుంటే, మొదటి ప్రయత్నంలోనే రెండు వేల ఫోటాన్లు వచ్చాయి. సోవియట్ బండి, ఫ్రెంచి అద్దం, అమెరికా కాంతి.

గ్రాముల్లో ఇచ్చిపుచ్చుకోవడం

జపాన్ హయబుసా-2 2020 డిసెంబరులో ర్యుగు అనే గ్రహశకలం నుంచి 5.4 గ్రాముల మట్టి తెచ్చి ఆస్ట్రేలియా ఎడారిలో దించింది. అదే నౌక ర్యుగు మీద వదిలిన మాస్కాట్ అనే చిన్న పెట్టె జర్మనీ, ఫ్రాన్స్‌లది. పదిహేడు గంటలు బతికింది. ఆ మట్టిలో పదో వంతు నాసాకు. నాసా 2023లో బెన్నూ అనే మరో గ్రహశకలం నుంచి 121.6 గ్రాములు తెచ్చినప్పుడు అందులో అర శాతం జపాన్‌కు. పక్కింటికి గిన్నెడు కూర పంపితే గిన్నె ఖాళీగా తిరిగి రాదు కదా, అలాంటి పద్ధతే ఇది.

చైనా చాంగ్-అ-6 2024 జూన్ 25న చంద్రుడి అవతలి వైపు నుంచి 1,935.3 గ్రాములు తెచ్చింది. ఆ వైపు మట్టిని మనుషులు తాకడం అదే మొదలు. అది మోసినవాటిలో ఫ్రాన్స్, స్వీడన్, ఇటలీ పరికరాలు, పాకిస్తాన్ చిన్న ఉపగ్రహం ఉన్నాయి. నాసా చైనాతో నేరుగా కలిసి పనిచేయడానికి అమెరికా చట్టం అడ్డు. అయినా చాంగ్-అ-5 తెచ్చిన మట్టిని చూసే అవకాశం 2025లో రెండు అమెరికా విశ్వవిద్యాలయాలకు దక్కింది. అందులో ఒకటి బ్రౌన్. ఎం3తో చంద్రుడి మీద నీటి జాడ పట్టిన కార్ల్ పీటర్స్‌ది ఆ విశ్వవిద్యాలయమే.

చివరగా మన విక్రమ్. 2023 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన చంద్రయాన్-3 ల్యాండర్ మీద నాసా ఇచ్చిన ఒక చిన్న అద్దం ఉంది. వెడల్పు 5 సెంటీమీటర్లు, మన అరచేతిలో పట్టేంత. చిన్న గుమ్మటం మీద ఎనిమిది స్ఫటికాలు పొదిగారు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. చంద్రుడి రాత్రి చలికి విక్రమ్ కన్ను మూసింది, దానితో వెళ్లిన బండి ప్రజ్ఞాన్ కూడా లేవలేదు. డిసెంబరు 12న వంద కిలోమీటర్ల అవతల నుంచి ఎల్‌ఆర్‌ఓ లేజర్ కొడితే మాత్రం ఆ అద్దం బదులిచ్చింది. ఏ దేశపు నౌక అటుగా వెళ్లి వెలుగు పంపినా, ఆ వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది.